కావలి సెటిల్మెంటు: పనియు స్వేచ్ఛయు

నెల్లూరు తీరమున పని నేర్పిన మిషను పాఠశాలలను తలంచునప్పుడు మనము కావలిని విడిచిపెట్టలేము. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమెరికన్ బాప్టిస్టు మిషను అక్కడ ఎరుకలవారి కొరకు పారిశ్రామిక సెటిల్మెంటును నడిపినది. శామ్యూల్ బాడెన్ దాని పర్యవేక్షకుడు. వ్యవసాయము, చేతిపనుల ద్వారా వారికి స్థిరమైన జీవనము కల్పించుట దాని ఉద్దేశము.

అయితే దాని వెనుక 1911 నాటి నేరస్థ జాతుల చట్టము ఉన్నది. పుట్టుకనుబట్టి నేరస్థులని ముద్రవేసిన ఆ చట్టము, 6 నుండి 18 ఏండ్ల పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ పాఠశాలలలో ఉంచుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. 1952లో నేరస్థ జాతుల చట్టములు దేశవ్యాప్తముగా రద్దయినవి.

యేసు వడ్రంగి; కనుక పనిలో హీనత లేదు. నేడు గ్రామ పాఠశాలలో తోటపని, కట్టుబడి పని నేర్పదలచిన మనము మొదట పరీక్షించుకొనవలసినది ఇదే: పిల్లలకు మార్గము తెరచుచున్నామా, వారి పుట్టుకనుబట్టి స్థానము నిర్ణయించుచున్నామా?