ఇంటి దగ్గర చదువు: ఏ సిలబస్, ఏ బోర్డు, ఎవరి కోసం?
ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా బడి బయట ఉన్న దళిత పిల్లలకు ఉన్న దారులు

సుచిత్ర సర్కిల్ నుంచి మేడ్చల్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారికి రెండు పక్కలా రెండు రకాల ‘ఇంటి చదువు’ కనిపిస్తుంది. కొంపల్లి వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని కావాలనే బడి మాన్పించి ఇంట్లో చదివిస్తారు. దాన్ని హోమ్‌స్కూలింగ్ అంటారు. జీడిమెట్ల పారిశ్రామికవాడ చుట్టుపక్కల బస్తీల్లో పిల్లలు ఇంట్లో ఉండటానికి కారణాలు వేరు. ఊరు మారినప్పుడు టీసీ అందకపోవడం, చెల్లెల్ని చూసుకోవాల్సి రావడం, ఫీజు బాకీ, క్లాసులో కులం పేరుతో పడ్డ మాట. వీళ్లను డ్రాపవుట్ అంటారు. బయటి నుంచి చూస్తే ఇద్దరూ బడికి వెళ్లని పిల్లలే. ఒకరిది ఎంపిక, రెండో వారిది గెంటివేత.

ఈ వ్యాసం రెండో రకం పిల్లల కోసం, వాళ్లతో పనిచేసే కార్యకర్తలు, విద్యార్థుల కోసం. బడి మానమని మేము ఎవరికీ చెప్పడం లేదు. మానేసిన పిల్లకు 12 ఏళ్లో, 15 ఏళ్లో ఉన్నప్పుడు ఏ పుస్తకాలు పట్టాలి, ఏ బోర్డుకు కట్టాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నవి ఒకచోట పెడుతున్నాం.

ముందుగా చట్టం

2002లో 86వ రాజ్యాంగ సవరణతో 21ఎ అధికరణ వచ్చింది. దాన్ని అమలు చేసే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. ఈ చట్టంలో హోమ్‌స్కూలింగ్ అన్న మాటే లేదు. పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్ చెబుతుంది కానీ, చేర్చకపోతే వాళ్లకు శిక్ష అని ఎక్కడా చెప్పలేదు.

మన పిల్లలకు పనికొచ్చే సెక్షన్లు వేరే ఉన్నాయి. 4వ సెక్షన్ ప్రకారం మధ్యలో మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. వెనకబడిన చదువు అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇలా చేరిన పిల్లకు 14 ఏళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా ఉచిత విద్య హక్కు ఉంటుంది. 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని తిప్పి పంపకూడదు. 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తుంది. కులం కారణంగా విద్యాసంస్థలోకి రానివ్వకపోవడం 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం.

కాబట్టి 14 ఏళ్లలోపు పిల్ల విషయంలో మొదటి పని సిలబస్ వెతకడం కాదు. దగ్గరలోని ప్రభుత్వ బడికి వెళ్లి, 4వ సెక్షన్ ప్రస్తావిస్తూ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అందినట్టు సంతకం తీసుకోవాలి. కుదరకపోతే మండల విద్యాధికారికి, ఆ పైన జిల్లా విద్యాధికారికి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు కలెక్టరేట్ శామీర్‌పేట వైపు ఉంది. ప్రజావాణిలో ఇచ్చే అర్జీకి రసీదు ఉంటుంది. ఆడపిల్లలైతే కస్తూర్బా విద్యాలయాలనూ, ఎస్సీ గురుకులాల్లో పై తరగతుల ఖాళీల ప్రకటననూ గమనిస్తూ ఉండాలి.

ఇంకో ప్రమాదం ఉంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లల పనిని నిషేధిస్తూనే, బడి అయ్యాక కుటుంబ వృత్తిలో సాయపడటానికి వీలిచ్చింది. ‘ఇంట్లోనే చదువుతోంది’ అన్న మాట ఈ సందు గుండా పనికి ముసుగు కాగలదు. పిల్ల రోజులో ఎన్ని గంటలు పుస్తకంతో ఉంది, ఎన్ని గంటలు పనిలో ఉంది అన్నది కార్యకర్త తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

మనకు ముందు నడిచిన వాళ్లు

బడి రానివ్వనప్పుడు వేరే చోట చదువు పెట్టుకోవడం దళితులకు కొత్త కాదు. 1848లో పుణెలో సావిత్రిబాయి, జోతిరావు ఫూలేలు ఆడపిల్లలకు బడి తెరిచారు. ఆ తర్వాత అంటరాని కులాల పిల్లలకూ తెరిచారు. హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, ఆ తర్వాతి ఏళ్లలో ఆది హిందూ పిల్లల కోసం తెలుగులో చెప్పే బడులు నడిపారు. నిజాం రాజ్యంలో పై చదువులు ఉర్దూలో సాగే కాలమది. ఇంట్లో మాట్లాడే భాషలో చదువు మొదలుపెట్టడం ఆనాటికే పాఠ్యప్రణాళిక మీద తీసుకున్న నిర్ణయం.

దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. మేడ్చల్, శామీర్‌పేట, కుత్బుల్లాపూర్ అప్పట్లో రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాలోనే 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లల్ని విడిపించి, బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించింది. ఈ కృషికి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ అనుభవం చెప్పే విషయం సూటిగా ఉంది. పదకొండు, పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతి వాచకం నుంచి ఏడాదికో తరగతి చొప్పున నడిపించనక్కర్లేదు. పెద్ద పిల్లకు లోకజ్ఞానం ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడితే మిగతాది త్వరగా అందుకుంటుంది.

ఆరు నుంచి ఎనిమిది: పునాది

ఈ వయసులో బోర్డు తొందర అక్కర్లేదు. పిల్ల ఏ తరగతిలో మానేసింది అన్నదానికంటే ఇప్పుడు ఏం చేయగలదో చూడాలి. ఒక పేజీ తెలుగు తడబడకుండా చదవగలదా? విన్నది నాలుగు వాక్యాల్లో రాయగలదా? భాగహారం, భిన్నాలు వచ్చా? అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

పుస్తకాలకు డబ్బు పెట్టనక్కర్లేదు. రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇంటి దగ్గర చదివే పిల్లకు చాలా అనుకూలం. తెలుగులో అర్థం చేసుకుని, అదే పాఠం ఇంగ్లీషులో చూడొచ్చు. టీ-శాట్ విద్య చానల్ పాఠాలు, దీక్ష యాప్ తోడుగా వాడుకోవచ్చు. ఫోన్ ఒక్కటే ఉన్న ఇంట్లో అది సాయంత్రం దాకా తండ్రి జేబులో ఉంటుంది. అందుకే పుస్తకం ముందు, వీడియో తర్వాత.

బడికి తిరిగి వెళ్లే అవకాశం ఉన్నంత కాలం రాష్ట్ర సిలబస్‌నే పట్టుకోవడం మంచిది. వేరే సిలబస్‌లో రెండేళ్లు చదివితే తిరిగి చేరేటప్పుడు మళ్లీ కష్టమవుతుంది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్‌లో ఎ, బి, సి అని మూడు స్థాయిలు ఉన్నాయి. అవి వరుసగా 3, 5, 8 తరగతులతో సమానం. 14 దాటి, ఎనిమిదో తరగతి కాగితం కూడా లేని వాళ్లకు సి స్థాయి పనికొస్తుంది.

పదో తరగతి: రెండు ఓపెన్ స్కూళ్లు

14 ఏళ్లు నిండిన వాళ్లకు ప్రధానంగా రెండు దారులు.

మొదటిది తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో మొదలైన ఓపెన్ స్కూల్ వ్యవస్థకు ఇది తెలంగాణ కొనసాగింపు. తెలుగు మీడియం ఉంది. అధ్యయన కేంద్రాలు ఎక్కువగా ప్రభుత్వ బడుల్లోనే ఉంటాయి, సెలవు రోజుల్లో తరగతులు జరుగుతాయి. పాస్ మార్కులు 35 శాతం. ఎస్సీ అభ్యర్థులకు ఫీజులో రాయితీ ఉంది.

రెండోది ఎన్‌ఐఓఎస్. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలై 2002లో ఇప్పటి పేరుకు మారింది. ఇది కేంద్ర సంస్థ, పాస్ మార్కులు 33 శాతం. ఒకసారి చేరితే 5 ఏళ్లలో 9 అవకాశాలు ఉంటాయి. ఒక్కో సబ్జెక్టు విడిగా పాసవుతూ రావచ్చు. గుర్తింపు ఉన్న బోర్డులో ఫెయిలైన వాళ్లు అప్పటికే పాసైన రెండు సబ్జెక్టుల దాకా ఇక్కడికి మార్చుకోవచ్చు. పదో తరగతికి తెలుగు మీడియం ఉంది, పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితం. ఇక్కడా ఎస్సీలకు రాయితీ ఉంది.

ఏది మేలు? కుటుంబం ఇక్కడే స్థిరంగా ఉండి, పిల్ల తెలుగులో చదువుతుంటే రాష్ట్ర ఓపెన్ స్కూల్ సులువు. కేంద్రం దగ్గర, మాస్టారు దగ్గర. కుటుంబం పని కోసం రాష్ట్రాలు దాటుతుంటే, లేదా పిల్ల ఒకేసారి అన్ని పరీక్షలు రాయలేని స్థితిలో ఉంటే ఎన్‌ఐఓఎస్ నయం. హోమ్‌స్కూలింగ్ చర్చల్లో వినిపించే కేంబ్రిడ్జి పరీక్షలు ప్రైవేటుగా రాయొచ్చు కానీ, సబ్జెక్టుకో ఫీజు కట్టాలి. దినకూలి ఇంటికి ఆ దారి లేనట్టే.

సబ్జెక్టుల ఉచ్చు

ఓపెన్ స్కూల్‌లో సబ్జెక్టులు ఎంచుకునే వీలుంటుంది. ఇది వరం, ఉచ్చు కూడా. ‘లెక్కలు కష్టం, వదిలేయండి, ఈజీగా పాసవుతారు’ అని దళారులు చెబుతారు. ఎన్‌ఐఓఎస్‌లో లెక్కలు, సైన్సు లేకుండా పదో తరగతి పాస్ కావచ్చు. కానీ పాలిటెక్నిక్‌కు వెళ్లే పాలిసెట్‌కు పదిలో గణితం ఉండాలి. ఐటీఐలో చాలా ట్రేడులకు గణితం, సైన్సు కావాలి. జీడిమెట్లలో ఫిట్టర్‌గా, ఎలక్ట్రీషియన్‌గా మంచి జీతం తెచ్చుకోగల పిల్లవాడికి ఆ తలుపు పద్నాలుగో ఏటే మూసుకుపోతుంది. మా సలహా ఒకటే: లెక్కలు, సైన్సు వదలొద్దు. తప్పితే మళ్లీ రాయొచ్చు. అవకాశాలు అందుకే ఉన్నాయి.

ఇంటర్ స్థాయిలోనూ అంతే. ఇంజినీరింగ్ ఆలోచన ఉంటే భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు, వైద్యం ఆలోచన ఉంటే జీవశాస్త్రం తప్పనిసరి. జేఈఈ మెయిన్‌కు ఎన్‌ఐఓఎస్ సీనియర్ సెకండరీ కనీసం ఐదు సబ్జెక్టులతో ఉండాలి. ఓపెన్ స్కూల్‌లో చదివిన వాళ్లను నీట్‌కు అనర్హులుగా చేసిన నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ‘ఓపెన్ సర్టిఫికెట్ చెల్లదు’ అని ఎవరైనా అంటే, ఏ కోర్సుకు, ఏ నిబంధన ప్రకారం చెల్లదో రాసివ్వమని అడగాలి.

కాగితాలు

చదువు ఎంత బాగా సాగినా కాగితం లేక సీటు పోవడం మన వాడల్లో మామూలు. మూడు విషయాలు ముందే చూసుకోవాలి.

లోకల్ హోదా. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడిలో చేరకుండా చదివిన వాళ్లు అర్హత పరీక్షకు ముందు 7 ఏళ్లు ఇక్కడే ఉన్నట్టు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపాలి. అద్దె ఇళ్లు మారే కుటుంబాలు రేషన్ కార్డు, ఆధార్ చిరునామా, కరెంటు బిల్లు ఏటా దాచుకోవాలి.

కుల ధ్రువపత్రం. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లో ఉంది. 15 శాతం రిజర్వేషన్‌ను మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతాలుగా పంచారు. పాత పత్రం ఉన్నవాళ్లు గ్రూపు తెలిపే కొత్త పత్రం మీసేవలో ముందే తీసుకోవాలి. అడ్మిషన్ల వారంలో కాదు.

పుట్టిన తేదీ, పేరు. ఆధార్, పాత బడి రికార్డు, ఓపెన్ స్కూల్ దరఖాస్తు మూడింట్లో ఒకేలా ఉండాలి. పదో తరగతి మెమోలో పడ్డ తప్పు జీవితాంతం వెంటాడుతుంది.

బోర్డు చెప్పని పాఠాలు

బడి బయట చదివే పిల్లకు ఒక స్వేచ్ఛ కూడా ఉంది. రోజుకు ఒక గంట పరీక్షకు సంబంధం లేని పాఠం పెట్టొచ్చు. 17వ అధికరణ ఎందుకు వచ్చిందో అంబేడ్కర్ జీవితంతో కలిపి చెప్పొచ్చు. భాగ్యరెడ్డి వర్మ గురించి, జాషువా 1941లో తెచ్చిన ‘గబ్బిలం’ గురించి మాట్లాడుకోవచ్చు. గోగు శ్యామల కథలు చదివించొచ్చు. అమ్మమ్మ చేసిన పని ఏమిటి, ఆ పనికి ఎంత కూలి వచ్చేది, ఆ పొలం ఎవరిది అని అడిగి రాసుకురమ్మంటే అది చరిత్ర, తెలుగు, లెక్కలు కలిసిన పాఠం. తన ఇంటి శ్రమ పుస్తకంలోకి రావడం చూసిన పిల్ల చదువును పరాయిదిగా చూడదు.

ఒంటరిగా చదివే పిల్ల త్వరగా విసిగిపోతుంది. అందుకే బస్తీలో ఐదారుగురిని కలిపి, కమ్యూనిటీ హాలులోనో అంబేడ్కర్ భవన్‌లోనో సాయంత్రం రెండు గంటలు కూర్చోబెట్టాలి. డిగ్రీ, పీజీ విద్యార్థులు వారానికి ఒక్క రోజు చొప్పున పంచుకుంటే ఒక గుంపు నడుస్తుంది. హాజరు పుస్తకం పెట్టండి. పిల్ల రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇంటికి వెళ్లండి.

ప్రభుత్వం మీద ఒత్తిడి మాత్రం ఆపకూడదు. ఓపెన్ స్కూల్‌కు కట్టించాం కదా అని పిల్లను బడి లెక్కలోంచి తీసేస్తే, 4వ సెక్షన్ కింద రావాల్సిన శిక్షణ, మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఆమెకు పోయినట్టే. అందుకే ప్రతి బస్తీలో బడి బయట ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లల జాబితా రాయండి. 14 లోపు వాళ్ల పేర్లతో మండల విద్యాధికారికి అర్జీ, 14 దాటిన వాళ్లకు ఓపెన్ స్కూల్ దరఖాస్తు. ఈ రెండూ ఒకే వారంలో మొదలుపెట్టొచ్చు.