కుందేలు మత్తు: మరణాల లెక్క నేర్పిన పాఠం

ఆంగ్ల వైద్యుడు జాన్ స్నో క్లోరోఫామ్‌పై రచించిన గ్రంథం, ఆయన కన్నుమూసిన 1858లోనే వెలువడింది. మత్తులో సంభవించిన మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి కారణాన్ని వెదకడం ఆ గ్రంథపు విశిష్టత. అదే దృష్టితో, 2002–2004 మధ్య బ్రిటన్‌లోని 117 పశువైద్యశాలలు పెంపుడు జంతువుల మత్తు మరణాలను నమోదు చేశాయి.

2008లో ప్రకటితమైన ఫలితాలలో మరణాల రేటు కుక్కలకు 0.17 శాతం, పిల్లులకు 0.24, కుందేళ్లకు 1.39. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లలో సైతం అది 0.73. అంతకన్న గమనార్హమైన సంగతి, సగానికి పైగా కుందేళ్లు శస్త్రచికిత్స ముగిసిన తరువాతే మరణించాయి.

కుందేలు వేటకు గురయ్యే ప్రాణి. బాధను పైకి కనబరచదు. నొప్పితో మేత మానితే పేగుల కదలిక మందగించి ప్రాణం మీదికి వస్తుంది. అది వాంతి చేసుకోలేదు గనుక, మనుషులకు వలె రాత్రంతా పస్తుంచడం అనవసరం, పైగా హానికరం. నోరు ఇరుకు కావడంతో శ్వాసగొట్టం అమర్చడమూ కష్టమే.

అందుకే నేటి పశువైద్యం మత్తుమందు మోతాదుతో పాటు ఆక్సిజన్‌కు, ఒంటి వెచ్చదనానికి, నొప్పి నివారణకు సమాన ప్రాధాన్యమిస్తుంది. కుందేలు కళ్లు తెరిస్తే చాలదు. గడ్డి కొరికి, పెంటికలు వేసిన నాడే శస్త్రచికిత్స పూర్తయినట్లు.