బహుళ జననాలు: వంశానుగత కారణాలు
ఒకే గర్భం నుండి ఇద్దరు లేదా అంతకు మించిన శిశువులు జన్మించడం బహుళ జననం. ఇది కొన్ని కుటుంబాలలో తరతరాలుగా కనిపించడానికి ముఖ్య కారణం, ఒకే ఋతుచక్రంలో ఒకటికి మించి అండాలు విడుదలయ్యే స్వభావం సంక్రమించడం. ఒకే ఫలదీకృత అండం చీలడం వల్ల ఏర్పడే సమరూప కవలలు ప్రపంచమంతటా 1,000 కాన్పులకు దాదాపు 4 చొప్పున పుడతారు, వీరి విషయంలో వంశప్రభావం సాధారణంగా కానరాదు. రెండు అండాలు వేర్వేరు శుక్రకణాలతో ఫలదీకరణం చెందగా కలిగే అసమరూప కవలల జననంలో మాత్రం అది స్పష్టం: వీరి తల్లికి అక్కచెల్లెళ్లుంటే, వారికీ కవలలు పుట్టే అవకాశం సుమారు రెట్టింపు. అండపుటికలను, అంటే అండాశయంలో అండం ఎదిగే సంచులను, పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోనుకు చెందిన ఎఫ్‌ఎస్‌హెచ్‌బి జన్యువు, ఆ హార్మోనుకు అండాశయం స్పందించే తీరుతో ముడిపడిన స్మాడ్3 జన్యువు ఇందుకు తోడ్పడతాయని 2016లో వెలువడిన అధ్యయనం నిర్ధారించింది. అండవిడుదల స్త్రీ శరీరధర్మమే అయినా తండ్రి వంశాన్ని విస్మరించడం సరికాదు, ఏలయన అతడు ఈ జన్యువులను కుమార్తెకు అందించగలడు. కొన్ని జనసమూహాలలో కవలలు ఎక్కువగా పుడతారు: నైజీరియాలోని యొరూబా ప్రజలలో కవల కాన్పులు 1,000కి 40కి పైగా నమోదయ్యాయి. ముగ్గురు శిశువుల కాన్పులో ఒకే అండం చీలడం, వేర్వేరు అండాలు ఫలదీకరణం చెందడం అనే రెండు విధానాలూ కలిసి ఉండవచ్చు. తల్లి వయస్సు పెరగడం, సంతానసాఫల్య చికిత్సలు వంశంతో నిమిత్తం లేకుండానే బహుళ జననాలను పెంచుతాయి.