సెంట్రియోల్ కథ: గుర్రపు ఏలికపాము నుండి మన ఊపిరితిత్తుల దాకా



వైద్యవిద్యార్థిగా ఉన్న రోజులలో కణం బొమ్మ వేయమంటే, కేంద్రకం పక్కన ఒకదానికొకటి లంబంగా రెండు చిన్న గొట్టాలు గీసి, ‘సెంట్రియోల్‌లు’ అని పేరు రాసి ముందుకు సాగిపోయేవాళ్ళం. ఆ రెండు గొట్టాల వెనుక ఎనభై ఏళ్ళ అన్వేషణ ఉన్నదని అప్పుడు మాకు తెలియదు.

ఈ కథ గుర్రాల పేగులలో నివసించే ఏలికపాముతో మొదలవుతుంది. దాని అండాలలో క్రోమోజోములు నాలుగుకు మించవు గనుక లెక్కించడం తేలిక. బెల్జియం శాస్త్రవేత్త ఎడ్వర్డ్ వాన్ బెనెడెన్, జర్మనీకి చెందిన థియొడోర్ బొవేరీ ఆ పాము అండాలను పరిశీలించి, కణవిభజనకు ముందు ఒక చిన్న చుక్క రెండుగా చీలి చెరొక ధ్రువానికి చేరడం గమనించారు. 1888లో బొవేరీ దానికి సెంట్రోసోమ్ అని పేరు పెట్టాడు. దాని నడిమి రేణువుకు సెంట్రియోల్ అన్న పేరు కూడా ఆయన పెట్టినదే. ఆ రెండు ధ్రువాల మధ్య నేతగాని కండె ఆకారంలో పోగులు ఏర్పడి, క్రోమోజోములను పిల్లకణాలకు సమానంగా పంచుతాయి.

పంపకం తప్పితే ఏమవుతుంది? సముద్రపు అర్చిన్ అండంలోకి రెండు శుక్రకణాలు ప్రవేశిస్తే ధ్రువాలు రెండుకు బదులు నాలుగు ఏర్పడతాయి. క్రోమోజోములు అడ్డదిడ్డంగా చెదరి పిండం వికృతమవుతుంది. దీనిని చూసిన బొవేరీ, క్యాన్సరుకు మూలం ఇటువంటి తప్పుడు పంపకమే కావచ్చునని 1914లో ఒక గ్రంథమే రాశాడు. మరుసటి ఏడే కన్నుమూశాడు.

1950వ దశకంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశాక అసలు రూపం బయటపడింది. మూడేసి సూక్ష్మనాళికల కట్టలు తొమ్మిది వలయంగా నిలిచిన గొట్టమే సెంట్రియోల్. ఐదువేల సెంట్రియోల్‌లను పక్కపక్కన పేర్చితే గాని ఒక్క మిల్లీమీటరు నిండదు!

అయితే ఒక చిక్కు ఉంది. మామిడి, వేప వంటి చెట్ల కణాలలో సెంట్రియోల్‌లు లేవు. అయినా అవి విభజన చెందుతూనే ఉన్నాయి. 2006లో సెంట్రియోల్‌లు లేని ఈగలను పరిశోధకులు సృష్టించారు. అవి దాదాపు మామూలుగానే పెరిగి పెద్దవయ్యాయి. కాని జ్ఞాననాడులకు ఉండవలసిన శైలికలు లేక, కాళ్ళు స్వాధీనం కాక కొద్దికాలానికే మరణించాయి. శైలిక అనే సన్నని నూగు మొలిచే పునాది సెంట్రియోలేనని 1898లోనే హెనెగీ, లెన్హోసెక్ అనే ఇద్దరు విడివిడిగా ఊహించారు. వారి మాట నిజమైంది.

మన శ్వాసనాళాల లోపలి శైలికలు కళ్ళెను, ధూళిని నిరంతరం పైకి ఊడ్చివేస్తుంటాయి. అవి కదలకపోతే? 1933లో కార్టజెనర్ అనే స్విస్ వైద్యుడు సైనస్ వ్యాధి, చీముపట్టి వెడల్పైన శ్వాసనాళాలు, కుడివైపు గుండె ఒకే వ్యక్తిలో కలిసి ఉండటాన్ని వర్ణించాడు. శైలికలను కదిలించే ప్రోటీను లోపమే కారణమని 1976లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆఫ్జెలియస్ చూపాడు.

ఇదంతా చదివిన నేనే ఒకనాడు పొరబడ్డాను. ఏళ్ళ తరబడి దగ్గు, చెవిలో చీముతో బాధపడుతున్న పదేళ్ళ బాలుడు వచ్చాడు. ఎక్స్‌రేలో గుండె కుడివైపు కనిపించింది. ఫిల్మును తిరగేసి పెట్టారనుకొని సరిచేసి చూశాను! కొన్ని నెలల తరువాత స్టెతస్కోపు కుడివైపున ఆనించినప్పుడు గాని నా తప్పు నాకు తెలియలేదు. అప్పటికే ఒక ఊపిరితిత్తి అడుగుభాగం బాగా దెబ్బతిన్నది. తల్లిదండ్రులది మేనరికం.

కనుక, పుట్టిన నాటి నుండి ఏ ఋతువులోనూ తగ్గని తడిదగ్గు, ముక్కు కారడం, చెవిపోటు ఉన్న పిల్లలకు మందులు మార్చుకుంటూ పోకండి. కారణం వెతకమని వైద్యుని అడగండి. ఈ వ్యాధికి గుండె ఎడమనే ఉన్నవారూ సుమారు సగం మంది ఉంటారు. శాశ్వత చికిత్స లేకపోయినా, రోజూ కళ్ళెను బయటికి తీసే వ్యాయామాలు, ఇన్ఫెక్షనుకు సకాలంలో వైద్యం ఊపిరితిత్తులను కాపాడతాయి. మేనరికపు సంబంధాలలో ఇటువంటి జన్యులోపాలు బయటపడే అవకాశం ఎక్కువన్నదీ మరువకండి.