కావలి సోదరులు: లేఖక వృత్తి నుండి చరిత్ర రచనకు

మెకంజీ కైఫియత్తులు తెలుగు చరిత్ర పరిశోధకులకు చిరపరిచితాలు. అయితే ఆ పేరే ఒక ప్రశ్నను మరుగుపరుస్తున్నది. 1783లో భారతదేశానికి వచ్చిన స్కాట్లండు దేశీయుడు కాలిన్ మెకంజీకి దేశభాషలు రావు. 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో ఈ సంగతిని ఆయనే అంగీకరించాడు. భాష తెలియని అధికారి వద్దకు గ్రామచరిత్రలు, శాసనాలు, తాళపత్రాలు అర్థవంతమైన రూపంలో ఎలా చేరాయన్న ప్రశ్నకు సమాధానం వెతికితే ఏలూరికి చెందిన ఒక నియోగి కుటుంబం కనిపిస్తుంది. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆ కుటుంబంలోని సోదరులు.

నియోగులకు వైదిక వృత్తి కంటె లౌకిక వృత్తి ప్రధానం. లెక్కలు రాయడం, పాత పత్రాలు చదవడం, భూమి హక్కులకు ఆధారాలు చూపడం వంటి విద్యలు ఆ కుటుంబాలలో తరతరాలుగా సంక్రమించేవి. నేడు నోటరీ నిర్వహించే బాధ్యతలలో కొన్ని ఆనాటి గ్రామంలో కరణానివి. కైఫియత్తులు అధికంగా కరణాల కవిలెల ఆధారంగానే తయారయ్యాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కవిలె నిష్పక్షపాతమైన చరిత్ర కాదు. మాన్యాలకు, మిరాశీ హక్కులకు సంబంధించిన వాదం అందులో తరచు అంతర్లీనంగా ఉంటుంది. దాన్ని చదివేవాడికి పత్రం తెలిసి ఉండాలి, పత్రం రాసినవాడి అవసరమూ తెలిసి ఉండాలి. కావలి సోదరుల నేపథ్యం వారికి ఈ రెండింటినీ అందించింది.

బొర్రయ్య 1796లో, సుమారు ఇరవై ఏళ్ల వయసులో, మెకంజీ కొలువులో చేరాడు. భారతీయ విజ్ఞాన ద్వారం తనకు తెరుచుకున్నది బొర్రయ్య పరిచయంతోనేనని మెకంజీ పైన పేర్కొన్న లేఖలో కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. టిప్పు పతనానంతరం సాగిన మైసూరు సర్వేలో బొర్రయ్య జైన మతస్థులను కలిసి వివరాలు సేకరించాడు, హళెగన్నడ శాసనాల పఠనానికి పూనుకున్నాడు. ముద్గేరిలోని ఒక జైన గురువు నుండి సేకరించిన వృత్తాంతం ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ తొమ్మిదవ సంపుటంలో అచ్చయింది. అందులో అనువాదకుడుగా బొర్రయ్య పేరు స్పష్టంగా ఉంది. కాని దాన్ని చూసుకునే అవకాశం ఆయనకు దక్కలేదు. 1803లోనే మరణించాడు.

తరువాతి బాధ్యత లక్ష్మయ్యది. ఆయన పాత్రను దుబాసీ పనికి పరిమితం చేయడం సరికాదు. వేరువేరు ప్రాంతాలకు సహాయకులను పంపడం, వారి నివేదికలను పరిశీలించడం, లభించిన సామగ్రిని క్రమపరచడం ఆయన పర్యవేక్షణలో జరిగాయి. ఏ గ్రామంలో ఏమి అడగాలో, ఎవరిని అడగాలో నిర్ణయించడం కూడా చరిత్ర రచనలో భాగమే.

1821లో మెకంజీ మరణించాడు. ఆయన సేకరణను కంపెనీ ప్రభుత్వం కొనుగోలు చేసింది. హోరేస్ హేమన్ విల్సన్ 1828లో దాని వివరణాత్మక సూచిని రెండు సంపుటాలుగా ప్రకటించాడు. మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీకి నాయకత్వం వహించిన లక్ష్మయ్య, ఆగిపోయిన పనిని కొనసాగించడానికి అనుమతి, ఆర్థిక సహాయం కోరాడు. ప్రతిపాదన బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయానికి వెళ్లింది. అప్పటి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. విడివిడి విషయాల నుండి సామాన్య సిద్ధాంతాలను రాబట్టగల అధినేత ఇంత పెద్ద పనికి అవసరమని, లక్ష్మయ్య అర్హతలు అందుకు చాలవని 1836లో తేల్చారు. ఆ తరువాత రెవరెండ్ విలియం టేలర్‌కు రాతప్రతుల పరిశీలన అప్పగించారు.

ఈ నిర్ణయాన్ని కేవలం జాతి దురభిమానంగా కొట్టివేస్తే అసలు విషయం జారిపోతుంది. సేకరణ వేరు, చరిత్ర వేరు అన్న విభజన అందులో ఉంది. సేకరణ భారతీయునికి, వ్యాఖ్యానం యూరోపియనుకు అన్నది ఆ విభజన ఫలితం. బ్రాహ్మీ లిపిని పరిష్కరించిన ప్రిన్సెప్ సైతం అశోక శాసనాల అర్థనిర్ణయంలో కమలాకాంత విద్యాలంకారుని వంటి పండితుల సాయం పొందినవాడే. అంతకంటె మౌలికమైన ఆక్షేపణ మరొకటి ఉంది. కరణం చెప్పినదానిలో ఏది నమ్మదగినది, ఏది హక్కు కోసం కల్పించినది అని లక్ష్మయ్య బృందం క్షేత్రంలోనే ఎంచవలసి వచ్చింది. వ్యాఖ్యానం అక్కడే మొదలైంది.

రామస్వామి ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. ‘విశ్వగుణాదర్శ’ ఆంగ్లానువాదం, దక్కను నగరాల, ప్రదేశాల వర్ణన, 1829లో కలకత్తాలో అచ్చయిన దక్కను కవుల జీవితచరిత్రలు ఆయన పేరుతోనే వెలువడ్డాయి. (పాకశాస్త్రంపై కూడా ఒక పుస్తకం రాశాడు. పరిశోధకులు దాన్ని పట్టించుకోవడం అరుదు.) గురజాడ శ్రీరామమూర్తి ‘కవి జీవితములు’, కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’ రావడానికి సుమారు అర్ధ శతాబ్ది ముందటి ప్రయత్నమిది. కాలనిర్ణయంలో జనశ్రుతిని ఎక్కువగా నమ్మడం అందులోని ప్రధాన లోపం. అయినప్పటికీ కుటుంబ చరిత్ర దృష్ట్యా ఆ గ్రంథం విలువైనది. దక్కను కవుల వరుసలో రామస్వామి తన అన్న బొర్రయ్యకూ స్థానమిచ్చి, ఆయన జీవితాన్ని అందులో వివరించాడు.