రేకపల్లిలో మొదలైన రాజ్యం

సత్తుపల్లి నుంచి పాల్వంచ మీదుగా భద్రాచలం చేరి, గోదావరి వెంబడి కిందికి సాగితే కూనవరం వస్తుంది. శబరి గోదావరిలో కలిసేది అక్కడే. ఆ దిగువన వరరామచంద్రాపురం మండలం ఉంది, అందరూ వీఆర్ పురం అంటారు. రేకపల్లి ఆ మండలంలోని ఊరు. వెనక కొండలు, ముందు నది, ఇంకా కిందికి పోతే పాపికొండలు. కాకతీయ రాజ్యం కూలిపోయాక తెలుగు నేల మీద మళ్లీ స్వతంత్రంగా నిలబడిన తొలి రాజ్యాలలో ఒకటి ఈ ఊరినే రాజధాని చేసుకుంది. దాన్ని నిలబెట్టినవాడు ముసునూరి ప్రోలయ నాయకుడు.

1323లో ఢిల్లీ సేన ఉలుగ్ ఖాన్ నాయకత్వంలో ఓరుగల్లు కోటను పట్టుకుంది. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సింహాసనం ఎక్కింది ఇతడే. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తరలిస్తుండగా దారిలో నర్మద ఒడ్డున ఆయన కన్నుమూశాడు. కోట పోయింది, రాజు పోయాడు. మిగిలింది కాకతీయుల కింద పనిచేసిన నాయకులు, వాళ్ల వెంట ఉన్న కొద్దిపాటి బలగం. పెద్ద సైన్యం, గుర్రపు దళాలు సులువుగా చొరబడలేని చోటు వాళ్లకు కావాలి. భద్రాచలం దిగువ అడవులు అందుకు సరిగ్గా సరిపోయాయి. ఈ కొండల్లో నిలదొక్కుకుంటే గోదావరి వెంట డెల్టా దాకా దిగవచ్చు, పడమటికి తిరిగితే ఓరుగల్లు దారి.

ప్రోలయ గురించి మనకు తెలిసిన దానిలో ఎక్కువ భాగం కోనసీమలోని విలస గ్రామం పేరుతో ఉన్న రాగి రేకుల నుంచే వచ్చింది. వెన్నయ అనే వేద పండితుడికి ఆ ఊరిని దానమిచ్చిన సంస్కృత శాసనమది. దాని మీద తేదీ లేదు. చరిత్రకారులు 1330 ప్రాంతానిదని లెక్కగట్టారు. ప్రతాపరుద్రుడి పతనం, ఆ వెంటనే ప్రజలు పడ్డ బాధలు, ధనవంతులను, రైతులను పీడించి డబ్బు గుంజడం అందులో వరసగా కనిపిస్తాయి. ఆ తర్వాత ప్రోలయ ప్రవేశిస్తాడు. మాల్యవంత పర్వతం దగ్గర, గోదావరి తీరాన రేకపల్లిని నివాసం చేసుకుంటాడు. లాక్కున్న అగ్రహారాలను తిరిగి ఇప్పిస్తాడు. సేద్యం చేసేవాళ్లు ఇష్టంగా ఇచ్చిన ఆరో వంతుతో తృప్తి పడతాడు.

దానం పుచ్చుకునేవాడి ముందు దాతను కీర్తించే రచన ఇది, పొగడ్త ఉండక తప్పదు. అయినా ఆ కవి ఎంచుకున్న గొప్పలు చూడండి. యుద్ధాల పట్టిక కంటే పోయిన భూమి తిరిగి రావడం, పన్ను తగ్గడం ఆయనకు ముఖ్యమయ్యాయి. కొత్త రాజ్యం మీద జనానికి నమ్మకం కలిగేది అక్కడేనని ఆయనకు తెలుసు.

ఇంతకు రెండు వందల ఏళ్ల ముందు యూరప్ పడమటి అంచున పోర్చుగల్ తొలి రాజు అఫొన్సో హెన్రిక్స్ ఇలా కొత్త రాజ్యం నిలబెట్టే పనే చేశాడు. 1139లో ఔరిక్ యుద్ధం గెలిచి రాజుననిపించుకున్నాడు. 1147లో లిస్బన్ పట్టుకున్నాడు. 1179లో పోప్ మూడో అలెగ్జాండర్ ఆయన రాజరికాన్ని గుర్తించాడు. 1185లో మరణిస్తే కోయింబ్రాలోని శాంతా క్రూజ్ మఠంలో సమాధి చేశారు. పోర్చుగల్ జన్మించిందిక్కడే అని గిమరైన్స్ పట్టణపు పాత గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. ఆయన కొడుకులు, మనవలు రాజ్యాన్ని నిలుపుకున్నారు కాబట్టి ఆ తొలి రాజు పేరు కూడా నిలిచింది.

ప్రోలయ వారసత్వం అలా సాగలేదు. ఆయన తర్వాత పినతండ్రి కొడుకు కాపయ నాయకుడు పగ్గాలు పట్టాడు. 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి గెలిచాడు, ఢిల్లీ ప్రతినిధి మాలిక్ మక్బూల్ పారిపోయాడు. ఆంధ్ర సురత్రాణుడని బిరుదు ధరించిన ఈ కాపయే, తుగ్లక్‌పై తిరగబడిన దక్కన్ అమీర్లకు సాయం పంపాడు. ఆ తిరుగుబాటు నుంచి 1347లో పుట్టిన బహమనీ రాజ్యం చివరికి ఆయన మీదికే వచ్చింది. 1360లలో గోల్కొండను వదులుకోవాల్సి వచ్చింది. 1368 ప్రాంతంలో రేచర్ల నాయకులతో భీమవరం దగ్గర జరిగిన పోరులో కాపయ చనిపోయాడు. ఆయన కింద డెబ్బై ఐదుగురు నాయకులు ఉండేవారని, ఆయన పోయాక ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లి ఏలుకున్నారని రాజమహేంద్రవరం రెడ్డి రాణి అనితల్లి వేయించిన 1423 నాటి కలువచేరు శాసనం చెబుతోంది.

అంటే పాలించిన వంశం ముగిసింది కానీ, ఢిల్లీ సుల్తానుల పెత్తనం మాత్రం మళ్లీ ఇక్కడ పాదుకోలేదు. కొండవీడు, రాజమహేంద్రవరం, రాచకొండ, పిఠాపురం ఎవరికి వారు రాజ్యాలయ్యాయి. ప్రోలయ తెచ్చిపెట్టిన ఫలితం అదే, ఎంత చిన్నదైనా తక్కువది కాదు. పాఠ్యపుస్తకాలు ఆయన్ని ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తాయి. అద్దంకి రెడ్డి రాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డితో కలిపేసే పాఠకులూ ఉన్నారు. 1945లో మల్లంపల్లి సోమశేఖర శర్మ ముసునూరి నాయకుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాసి, దానికి ఆంధ్ర చరిత్రలో మరుగునపడిన అధ్యాయం అని పేరు పెట్టారు.

రేకపల్లి మాత్రం చేతులు మారుతూనే వచ్చింది. నిజాం 1860లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను బ్రిటిష్ వారికి అప్పగించాడు. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నంతకాలం ఇక్కడ పోడు కొట్టుకునే గిరిజనులు గొడ్డలికి నాలుగణాల చొప్పున పన్ను కట్టేవారు. 1874లో మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చాక అది దాదాపు మూడింతలైంది, కొన్ని అడవుల్లో పోడే కూడదన్నారు. 1879లో రంప తిరుగుబాటు రాజుకున్నప్పుడు రేకపల్లి కొండలూ లేచాయి. రైతు ఇష్టంగా ఇచ్చిన వాటాతో తృప్తి పడ్డాడని రాజును మెచ్చుకున్న నేల మీదే, అయిదున్నర శతాబ్దాల తర్వాత పన్నుకు వ్యతిరేకంగా జనం ఆయుధం పట్టాల్సి రావడం బాధ కలిగించే చరిత్ర. 1959లో భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలతోపాటు వీఆర్ పురం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది.

ఇప్పుడు ఆ మండలం పోలవరం జలాశయపు ముంపు పరిధిలో ఉంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ ఊళ్లు ఎలా మునుగుతాయో అందరూ చూశారు. ముందుగా దక్కాల్సింది అక్కడి కోయలకు, కొండరెడ్లకు, రైతులకు సరైన పునరావాసం. దానితోపాటు రేకపల్లి చుట్టుపక్కల గుళ్లు, రాళ్లు, పాత దిబ్బలు, ఊరి పెద్దల నోట మిగిలిన కథలు అన్నిటినీ పురావస్తు శాఖలు కలిసి నమోదు చేయాలి. సత్తుపల్లి, భద్రాచలం కాలేజీల చరిత్ర ఉపాధ్యాయులు తమ విద్యార్థులను వెంటబెట్టుకుని ఆ పనికి నడుం కట్టాలి. నీళ్లు నిలిచాక వెతకడానికి ఏమీ ఉండదు.