గల్లాపెట్టెకు ఆవల: కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలో బ్యాంకు ఉద్యోగుల గ్రామసేవ

బ్యాంకు ఉద్యోగి తన కొలువు ముగిసిన పిదప ఊరికై చేయు పనిని లోకము సాధారణముగా దానధర్మముల కోవలో చేర్చును. రక్తదాన శిబిరములు, బడిపిల్లలకు పుస్తకముల పంపకము, మొక్కలు నాటుట మున్నగునవి కన్నులకు గోచరించునవి గనుక వానినే సేవయని తలచుట సహజము. అయితే కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి వ్యవసాయ సీమలందు ఈ సేవ పెరిగిన క్రమమును విచారించినచో, అది ఉద్యోగమునకు వెలుపలి నుండి అతికిన అలంకారము గాక, ఉద్యోగపు అవసరము నుండియే మొలకెత్తి, కాలక్రమమున ఆ అవసరమును మించి ఎదిగినదని తెలియగలదు.

మొదట ఈ సీమ స్వరూపమును గమనింపవలెను. కామారెడ్డి సికింద్రాబాదు–నిజామాబాదు రైలుమార్గము మీది వర్తక పట్టణము. బెల్లపు వ్యాపారమునకు పేరు గన్నది. దానికి పడమట నున్న ఎల్లారెడ్డి, మంజీర మీద 1923లో ప్రారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరమునకును, అంతకు ముందే ఏర్పడిన పోచారము జలాశయమునకును చేరువనున్న సేద్యపు టూరు. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడిన పిమ్మట ఈ చుట్టుపట్ల చెరకు సాగు విస్తరించి రైతునకు రొక్కముతో పని పెరిగెను. కాని ఆ రొక్కము దొరకు చోటు మాత్రము షావుకారు గుమ్మమే. విత్తులకు ధాన్యమును నాగు పేరిట తెచ్చుకొని, కోతల నాడు సగము అదనముగా కొలిచి యిచ్చుట తెలంగాణమున నాటి పరిపాటి. లెక్క వ్రాయువాడు షావుకారు, దానిని చదివి వినిపించువాడును షావుకారే. రైతుది వేలిముద్ర మాత్రమే.

ఇట్టి స్థితిలో బ్యాంకు అనునది పల్లెకు పరాయి వస్తువు. సంస్థాన శాసనము ననుసరించి 1941లో ఏర్పడి మరుసటి యేట పని ప్రారంభించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఉస్మానియా సిక్కా నిర్వహణమును, ప్రభుత్వ ఋణముల వ్యవహారమును చూచుకొనుటకు పుట్టినదే గాని నాగలి పట్టినవానికై పుట్టినది కాదు. దేశమంతటను ఇదే తీరు. రిజర్వు బ్యాంకు 1951–52లో జరిపించిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలనలో, రైతుల అప్పునందు వాణిజ్య బ్యాంకుల వాటా నూటికి 0.9 మాత్రమేయనియు, సహకార సంఘములది 3.1 యనియు, వడ్డీ వ్యాపారులది ఇంచుమించు 70 యనియు తేలినది. ఆ పరిశీలన చేసిన సిఫారసు ఫలితముగనే 1955 జూలై 1న భారతీయ స్టేట్ బ్యాంకు అవతరించెను. 1956లో రిజర్వు బ్యాంకు చేతికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అను పేరు దాల్చిన నిజాము నాటి బ్యాంకు, 1959లో భారతీయ స్టేట్ బ్యాంకునకు అనుబంధ సంస్థ యయ్యెను.

1969 జూలై 19న పదునాలుగు పెద్ద బ్యాంకులు జాతీయము గావింపబడుట రెండవ మలుపు. 1946లో కలకత్తాలో నెలకొనిన అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘము అంతకు ఎంతో ముందు నుండియే జాతీయీకరణమును కోరుచు వచ్చినది. జీతభత్యములకై పోరాడిన సంఘమే ప్రజాధనము ప్రజలకు ఉపకరింపవలెనని వాదించుట వలన, ఉద్యోగికిని ఊరికిని నడుమ ఒక నైతిక బంధము మాటవరుసకైనను ఏర్పడినది. 1969 సంవత్సరాంతమున లీడ్ బ్యాంకు పథకము వచ్చి జిల్లాకొక బ్యాంకును బాధ్యురాలిని చేసెను. 1975 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామీణ బ్యాంకుల వ్యవస్థ మరియొక మెట్టు. స్థానికుల భాషయు, స్వభావమును ఎరిగినవారినే ఉద్యోగులుగా తీసికొనవలెనను తలంపు దానికి పునాది. నిజామాబాదు జిల్లాలో ఈ విధముగా వెలసిన శ్రీరామ గ్రామీణ బ్యాంకు 2006లో దక్కను గ్రామీణ బ్యాంకులో కలిసి, 2014లో తెలంగాణ గ్రామీణ బ్యాంకు యయ్యెను.

పంటఋణము ఇయ్యవలెనన్న పొలము చూడవలెను. పొలము చూడవలెనన్న ఊరికి పోవలెను. ఊరికి పోయినవాడు పహాణీ నకలు మొదలు పిల్లవాని ఫీజు దాక సవాలక్ష సంగతులు వినవలెను. ఫీల్డు ఆఫీసరు సేవకుడగుట ఈ విధముగా ఆరంభమైనది. సేవను పద్ధతిగా చేపట్టవలెనను ఆలోచన 1973లో, ఆర్. కె. తల్వార్ అధ్యక్షుడుగా నున్న కాలమున, భారతీయ స్టేట్ బ్యాంకులో రూపు దాల్చినది. శాఖల సిబ్బంది లాభాపేక్ష లేక తమ పరిసరములందలి బడులకు, బడుగులకు, ఆపన్నులకు తోడ్పడవలెనను ఆ కార్యక్రమమే అనంతరము కమ్యూనిటీ సర్వీసెస్ బ్యాంకింగ్ అను పేర స్థిరపడినది. ఆనాడు అది ఈ సీమకు దూరపు వార్తయే. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ తన మాతృసంస్థయగు భారతీయ స్టేట్ బ్యాంకులో లీనమైన పిదప ఇక్కడి శాఖలు ఆ సంప్రదాయమునకు నేరుగా వారసులైనవి.

స్వచ్ఛంద సేవ అను మాటనే పేరులో ధరించిన యత్నము 1982 నాటిది. ఆ యేడు జూలైలో పుట్టిన జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు (నాబార్డు) నవంబరు 5న ‘వికాస్ వాలంటీర్ వాహిని’ని ప్రారంభించెను. బ్యాంకు శాఖ ఒక గ్రామమును ఎన్నుకొని, అప్పు తీసికొని సద్వినియోగము చేసి గడువుకు చెల్లించిన రైతులను సంఘముగా చేర్చును. వారు తోటివారికి ఐదు సూత్రములు బోధింతురు. ఋణమును శాస్త్రీయ పద్ధతుల ననుసరించి వాడుట, షరతులను పాటించుట, నైపుణ్యముతో ఉత్పత్తి పెంచుట, పెరిగిన రాబడిలో కొంత దాచుట, వాయిదాలను వేళకు చెల్లించుట అనునవి ఆ సూత్రములు. ఇవే సంఘములు తరువాత రైతు క్లబ్బులైనవి. వీనికి ప్రాణము సాయంకాలపు సమావేశము. పగలు రైతు చేనిలో, ఉద్యోగి బ్యాంకులో నుందురు గనుక, మేనేజరు తన ఇంటివేళను పల్లె చావడికి ఇచ్చిననే సంఘము బ్రదుకును. సర్క్యులరు సంఘమును పుట్టింపగలదు గాని ఆ సాయంకాలమును పుట్టింపజాలదు. పైగా 1990లో పదివేల రూపాయల వరకు ఋణములు మాఫీ యైనప్పుడు, సకాలమున చెల్లించినవాడే నష్టపోయినట్లు తలచు భావము వ్యాపించి, ఐదవ సూత్రము బోధించువారి పలుకుబడి సన్నగిల్లెను.

ఆ లోటును తీర్చినది స్త్రీల పొదుపు. నాబార్డు 1992లో ఐదువందల స్వయంసహాయక సంఘములను బ్యాంకులతో ముడివేయు ప్రయోగము చేపట్టినది. తెలుగునాట 2000లో వచ్చిన వెలుగు అను పేదరిక నిర్మూలన పథకముతో అది మహోద్యమమైనది. కామారెడ్డి ప్రాంతమున దీనికి ప్రత్యేకార్థము కలదు. ఇచ్చటి మగవారు అనేకులు గల్ఫు దేశములకు పోవుదురు. ఇంట మిగిలిన స్త్రీ బీడీలు చుట్టుచు సంసారము నీడ్చును. దూరదేశపు పైకము వచ్చెనా లేదా తెలిసికొనుటకు, సొమ్ము తీయు ఫారము నింపుటకు, అప్పుపై వడ్డీ ఎంతయో గ్రహించుటకు ఆమెకు ఒక చదువరి కావలెను. సంఘపు పుస్తకము వ్రాయుట నేర్పి, తీర్మానము చదివి వినిపించి, సంతకము దిద్దించిన ఉద్యోగి ఆమెకు చేసినది ఏ దానమునకును తీసిపోదు. ఒకనాడు లెక్క షావుకారు చేతిలోనుండుటయే దాస్యమునకు మూలమైనప్పుడు, లెక్కను ఆమె చేతికే అందించుట విమోచనము గాక మరేమి?

తదుపరి ఘట్టములను సంగ్రహముగా పేర్కొనవచ్చును. కర్ణాటకమున ఉజిరెలో ధర్మస్థలము వారును, సిండికేటు, కెనరా బ్యాంకులును కలిసి 1982లో నెలకొల్పిన స్వయం ఉపాధి శిక్షణాలయము దేశమునకు ఆదర్శమై, బ్యాంకుల ఆధ్వర్యమున జిల్లాలందు అట్టి సంస్థలు వెలసినవి. నిజామాబాదు చెంత డిచ్‌పల్లిలోని సంస్థ ఆ కోవలోనిదే. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ యోజన మొదలై ఖాతా లేని ఇల్లు అరుదైనది. 2020 ఏప్రిలు మొదలు మూడు నెలలు స్త్రీల జన్‌ధన్ ఖాతాలలో నెలకు 500 రూపాయల వంతున జమ అయినప్పుడు, మహమ్మారి భయము నడుమనే సిబ్బంది గుమ్మముల కడ నిలిచి వరుసలు దిద్దవలసి వచ్చెను. నేడు ఫోనులో ఓటీపీ అడుగు మోసగాండ్ర నుండి ముసలివారిని కాపాడు హెచ్చరికయు ఈ సేవలో భాగమైనది.

ఈ పరిణామమును సమీక్షించినచో ఒక్క విషయము స్ఫుటమగును. మొక్కలు నాటుట, పుస్తకములు పంచుట ఎవరైనను చేయగలరు, చేయుట మంచిదే. వడ్డీని తెలుగులో విడమరచి చెప్పుట, పొదుపు పుస్తకమును చదువ నేర్పుట, మాయమాటల అప్పును ముందుగా పసిగట్టి హెచ్చరించుట బ్యాంకు ఉద్యోగి వృత్తివిద్యలో నుండి పుట్టు సేవలు. ఈ సీమలో వేరుపాతి నిలిచినవియు అవియే. అయితే ఇట్టి సేవకు పరిచయము కావలెను, పరిచయమునకు కాలము కావలెను. ఊరి పేరులు నోటికి వచ్చు నాటికి బదిలీ, సంఘము కుదురుకొను నాటికి విలీనము, ఉన్న కొద్దిమందిపై లక్ష్యముల భారము — ఇవి సాయంకాలపు సమావేశమునకు శత్రువులు. సేవకు సైతము లక్ష్యములు విధించి లెక్కగట్టినచో వాలంటీర్ వాహిని కథయే పునరావృత్తమగును. కనుక బ్యాంకుల యాజమాన్యములు చేయదగినది క్రొత్త పథకమును ప్రకటించుట కాదు. ఎల్లారెడ్డి వంటి శాఖలందు ఉద్యోగులను చాలినంతమందిని నియమించి, వారిని కొన్ని యేండ్ల పాటు కదలింపక ఉండనిచ్చుట.